ఏడు మిషన్లు, ఒకే మెనూ: మా ఊరి కంప్యూటర్ గది డైరీ

జూన్ 14, శనివారం

బడులు తెరిచి రెండు రోజులే అయింది, అప్పుడే గది నిండిపోయింది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద మా ఊరు. పాత గ్రంథాలయం గదిలో ఏడు కంప్యూటర్లు పెట్టాం. ఎండాకాలం సెలవుల్లో తలా ఒక చోట అడిగి పోగు చేసినవి కాబట్టి ఏదీ ఇంకోదానిలా లేదు. రెండింటిలో 2 జీబీ ర్యామే, వాటి మీద ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్ (తెర, మెనూ, ప్యానెల్ చూపించే భాగం) పెట్టాను. మూడింటిలో 4 జీబీ, వాటి మీద ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్. హైదరాబాద్‌లో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు ఇచ్చిన పెద్ద మిషన్‌లో 8 జీబీ ఉంది, అది ముందు నుంచీ కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌తోనే వచ్చింది. ఏడోది సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పే మేడం సొంత ల్యాప్‌టాప్, ఆమెకు గ్నోమ్ డెస్క్‌టాప్ అలవాటు. అన్నిటి కిందా ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12, లినక్స్‌లో ఒక రకం.

మా అక్క బిడ్డ ఏడో తరగతి. నిన్న ఎక్స్ఎఫ్‌సీఈ మిషన్ మీద కేబ్రుచ్ అనే భిన్నాల ప్రోగ్రాము తెరిచి లెక్కలు చేసింది, ఇవాళ ఆ సీటు దొరక్క ప్లాస్మా మిషన్ ముందు కూర్చుంది. పది నిమిషాలు వెతికి లేచొచ్చి, "మామా, నిన్న ఎడ్యుకేషన్ల ఉండె గదా భిన్నాల లెక్కలు, దీంట్ల లేవు" అంది. ఉన్నాయి. కాకపోతే ప్లాస్మా మెనూలో ఎడ్యుకేషన్ అనే అర లోపల మళ్లీ మ్యాథమెటిక్స్ అని ఇంకో అర ఉంటుంది, కేబ్రుచ్ దాని లోపల ఉంది. అంతలో ఎల్ఎక్స్‌క్యూటీ మిషన్ మీద కూర్చున్న ఇద్దరు పిల్లగాళ్లు కూడా బొమ్మలు గీసేది ఎక్కడుందని అడిగారు. ఒక గంటలో నేను ఆరుసార్లు లేచి ఆరు చోట్ల ఆరు రకాలుగా చూపించాను.

వచ్చినోళ్లు ఏ సీటు దొరికితే ఆ సీటులో కూర్చునే గది ఇది. నిన్న నేర్చుకున్నది ఇవాళ పక్క మిషన్ మీద పనికిరాకపోతే పిల్లలు తప్పు తమదే అనుకుంటారు. అది నాకు అస్సలు నచ్చలేదు. అన్నిటి మీదా ఒకే మెనూ, అవే అరలు, అవే పేర్లు, అదే వరుస రావాలి. ఈ డైరీ అందుకే మొదలుపెడుతున్నాను.

జూన్ 15, ఆదివారం

అన్నిటి మీదా ఎక్స్ఎఫ్‌సీఈ వేసేస్తే పోలేదా అని మా బావ అడిగాడు. సగం నిజమే. కానీ 2 జీబీ మిషన్లు ఎల్ఎక్స్‌క్యూటీ మీద బ్రౌజర్ తెరిచినా ఊపిరి పీల్చుకుంటున్నాయి, వాటిని కదిలించడం నాకు ఇష్టం లేదు. మేడం ల్యాప్‌టాప్ నాది కాదు. ఇక పెద్ద మిషన్ మీద ప్లాస్మా ఉంటే పదో తరగతి పిల్లలు వేరే రకం డెస్క్‌టాప్ కూడా చూస్తారు. డెస్క్‌టాప్‌లు వేరుగానే ఉండనీ, మెనూ ఒకటి కావాలి.

మెనూ మార్చే ఎడిటర్ తెరిచే ముందు అసలు మెనూ ఎట్లా తయారవుతుందో కూర్చుని చదివాను. మూడు రకాల ఫైళ్లు కలిస్తే మెనూ. మొదటిది డాట్ డెస్క్‌టాప్ ఫైలు, ప్రతి ప్రోగ్రాముకూ ఒకటి, ఎక్కువగా /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రాము పేరు, బొమ్మ, ఏ కమాండుతో నడవాలి, ఏయే కేటగిరీలకు చెందుతుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. రెండోది డాట్ మెనూ ఫైలు, ఎక్స్ఎంఎల్‌లో రాసినది, /ఈటీసీ/ఎక్స్‌డీజీ/మెనూస్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఏ కేటగిరీ ప్రోగ్రాములు ఏ అరలోకి పోవాలో చెప్పేది ఇదే. మూడోది డాట్ డైరెక్టరీ ఫైలు, ఆ అర పేరు, దాని బొమ్మ.

ఈ ఏర్పాటు ఫ్రీడెస్క్‌టాప్ ప్రాజెక్టుది, 2000లో హేవక్ పెన్నింగ్టన్ మొదలుపెట్టాడు. అంతకుముందు ఎవరి గొంగడి వాళ్లదే. మొదటి కేడీఈలో డాట్ కేడీఈఎల్ఎన్‌కే అనే వేరే రకం ఫైళ్లు ఉండేవి, డెబియన్‌కు తన సొంత మెనూ పద్ధతి ఇంకోటి ఉండేది. డాట్ డెస్క్‌టాప్ ఫైలు ఉన్న ప్యాకేజీ ఆ పాత మెనూ ఫైలు కూడా పెట్టకూడదని డెబియన్ టెక్నికల్ కమిటీ తేల్చింది 2015లో. అంటే మనం ఇప్పుడు ఉన్నది మంచి కాలంలోనే, అన్ని డెస్క్‌టాప్‌లూ అవే డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లు చదువుతున్నాయి.

మరి తేడా ఎక్కడ? ముఖ్యమైన కేటగిరీలు పదమూడే ఉన్నాయి, ఎడ్యుకేషన్, సైన్స్, గేమ్, గ్రాఫిక్స్, ఆఫీస్, నెట్‌వర్క్, ఇట్లా. ప్రోగ్రాము తనది ఏ కేటగిరీయో చెప్పి ఊరుకుంటుంది. ఆ కేటగిరీకి అర పెట్టాలా, దాని లోపల ఇంకో అర పెట్టాలా, సైన్స్‌ను ఎడ్యుకేషన్‌లో కలపాలా అన్నది డాట్ మెనూ ఫైలు తేలుస్తుంది. ఆ ఫైలు మాత్రం ప్రతి డెస్క్‌టాప్‌కూ వేరు. లాగిన్ అయినప్పుడు ఎక్స్‌డీజీ మెనూ ప్రిఫిక్స్ అనే వేరియబుల్ (సిస్టమ్ గుర్తుంచుకునే విలువ) ఒకటి సెట్ అవుతుంది, ఎక్స్ఎఫ్‌సీఈలో ఆ ముక్క 'ఎక్స్ఎఫ్‌సీఈ-', ఎల్ఎక్స్‌క్యూటీలో 'ఎల్ఎక్స్‌క్యూటీ-'. దాని వెనక 'అప్లికేషన్స్ డాట్ మెనూ' తగిలిస్తే వచ్చే ఫైలును ఆ డెస్క్‌టాప్ వెతుక్కుంటుంది. నా పని అంతా ఆ ఒక్క ఫైలు దగ్గరే ఉందని ఇవాళ అర్థమైంది.

జూన్ 21, శనివారం

అర్థమైంది అని రాసుకున్నా కూడా ఇవాళ తొందరలో మౌస్‌తోనే మొదలుపెట్టాను. ఎక్స్ఎఫ్‌సీఈ మీద మెనూలిబ్రే, ప్లాస్మా మీద కేమెనూఎడిట్. రెండూ మంచి ఎడిటర్లే. ఒకరి ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ మూడు మిషన్లు అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, మూడింటి మెనూలూ ఒకదానిలా ఇంకోటి రాలేదు, నాలుగో దానికి వచ్చేసరికి మొదటి దాంట్లో ఏ వరుస పెట్టానో మర్చిపోయాను.

అంతకంటే పెద్ద సమస్య ఇంకోటి కనిపించింది. మెనూలిబ్రేలో ఒక ప్రోగ్రాము పేరు మారిస్తే అది ఆ డాట్ డెస్క్‌టాప్ ఫైలు మొత్తాన్ని హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్/షేర్/అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి అక్కడ మారుస్తుంది. అదే పేరుతో ఫైలు హోమ్‌లో ఉంటే సిస్టమ్‌లో ఉన్నదాన్ని ఎవరూ చూడరు. రేపు ఆ ప్యాకేజీ అప్‌డేట్ అయి కమాండు మారినా నా కాపీలో పాత కమాండే ఉంటుంది. ఇట్లాంటివి పదకొండు పోగయ్యాయి. అన్నీ తీసేశాను, కేమెనూఎడిట్ రాసిన 'అప్లికేషన్స్-కేమెనూఎడిట్' ఫైలు కూడా తీసేశాను. సాయంత్రానికి ఎక్కడి గొంగడి అక్కడే.

నిర్ణయం: ప్రోగ్రాముల సొంత ఫైళ్లను ముట్టుకోను. ఏ అరలో ఏమి ఉండాలో ఒకే ఒక్క సాదా టెక్స్ట్ జాబితాలో రాస్తాను, మిగతా ఫైళ్లన్నీ ఆ జాబితా నుంచి పైథాన్ భాషలో రాసిన ఒక చిన్న స్క్రిప్ట్ (ప్రోగ్రాము) తయారు చేయాలి. ఆ స్క్రిప్ట్ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, ప్రతి మిషన్ మీదా ఒకసారి నడిపితే చాలు.

జూన్ 28, శనివారం

ఇవాళ కోడ్ రాయలేదు, పేర్లు తేల్చుకున్నాం. ఈ మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన రోజు ఇదే.

లాంగ్వేజ్ తెలుగుకు మార్చి చూస్తే అరల పేర్లలో 'ఉపసాధనాలు' లాంటి మాటలు వస్తాయి. అనువాదం చేసినవాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది, కానీ మా పిల్లల్లో ఒక్కరు కూడా ఆ మాట చదివి లోపల ఏముంటుందో చెప్పలేకపోయారు. అందుకే ప్రోగ్రాముల పేర్లు, బొమ్మలు కాగితం ముక్కల మీద ప్రింట్ తీసి నేల మీద పరిచి, ఏవి ఏవి ఒక చోట ఉండాలో మీరే కుప్పలు వేయండి అన్నాను. పన్నెండు మంది కూర్చున్నారు. అరగంటలో తొమ్మిది కుప్పలు తేలాయి: లెక్కలు, సైన్స్, భాషలు, బొమ్మలు, రాత పని, ఆటలు, పాటలు–వీడియోలు, ఇంటర్నెట్, పుస్తకాలు. ఎక్కడా పట్టనివి ఒక మూలకు నెట్టి దానికి 'మిగతావి' అన్నారు.

నేను ఊహించనివి కొన్ని బయటపడ్డాయి. లిబ్రేఆఫీస్ మ్యాథ్ తన ఫైలులో ఆఫీస్, ఎడ్యుకేషన్, సైన్స్, మ్యాథ్ అన్నీ రాసుకుంది, అందుకే ఎడ్యుకేషన్‌లో కూడా కనిపిస్తుంది. పిల్లలు అది లెక్కలు నేర్పేది అనుకుని తెరుస్తున్నారట, తీరా చూస్తే అది డాక్యుమెంట్‌లో సమీకరణాలు టైప్ చేసే సాధనం. దాన్ని రాత పనిలోకి పంపాం. లిబ్రేఆఫీస్ డ్రా ఎక్స్ఎఫ్‌సీఈలో ఆఫీస్‌లోనూ గ్రాఫిక్స్‌లోనూ రెండు చోట్ల వస్తోంది, పిల్లలు దాన్ని బొమ్మల్లోనే ఉంచారు. మూలకాల పట్టిక చూపించే కల్జియం, నక్షత్రాలు చూపించే స్టెలేరియం సైన్స్‌లోకి పోయాయి. భూగోళం చూపించే మార్బుల్ దగ్గర వాదన నడిచింది, భూగోళం సోషల్ కదా సైన్స్ ఎట్లా అవుతుందని. చివరికి సైన్స్‌లోనే పెట్టాం, ఒక్క ప్రోగ్రాముకు ఒక అర వద్దని వాళ్లే అన్నారు. జీకంప్రిస్ అనే చిన్న పిల్లల ప్రోగ్రాము మీద మేడంకూ పిల్లలకూ కుదరలేదు. ఆమె చదువు అంటారు, వాళ్లు ఆట అంటారు. ఇద్దరి మాటా నిజమే. దాన్ని ఏ అరలోనూ పెట్టకుండా మెనూలో అన్నిటికంటే పైన, నేరుగా కనిపించేలా పెడతాను. చిన్న తరగతుల వాళ్లు వాడేది ఎట్లాగూ అదొక్కటే.

జులై 5, శనివారం

స్క్రిప్ట్ మొదటి రూపం పూర్తయింది. జాబితా ఫైలులో అర పేరు, కింద ఆ అరలోకి వచ్చే డాట్ డెస్క్‌టాప్ ఫైళ్ల పేర్లు, తర్వాత అదనంగా కేటగిరీలు. అంటే తెలిసిన ప్రోగ్రాములను పేరుతో పిలుస్తాను, రేపు కొత్తది ఏదైనా వేస్తే దాని కేటగిరీని బట్టి సరైన అరలోకి పోతుంది. మొదట కేటగిరీలతోనే అంతా అయిపోతుందనుకున్నాను, కానీ లిబ్రేఆఫీస్ మ్యాథ్ లాంటివి చూశాక పేరు పెట్టి పిలవడమే నమ్మకమనిపించింది. స్క్రిప్ట్ తయారు చేసిన మెనూ ఫైలును అందరూ వాడే 'పిల్లలు' అకౌంట్‌లో డాట్ కాన్ఫిగ్/మెనూస్ ఫోల్డర్‌లో పెడుతుంది, ఒకే విషయం మూడు పేర్లతో, ఎక్స్ఎఫ్‌సీఈకి ఒకటి, ఎల్ఎక్స్‌క్యూటీకి ఒకటి, ప్లాస్మాకు ఒకటి. హోమ్‌లో ఉన్న ఫైలుకే ముందు విలువ, /ఈటీసీలో ఉన్నదాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

మొదటిసారి నడిపితే మెనూ పూర్తిగా ఖాళీ. అరలు కూడా లేవు. నలభై నిమిషాలు టెన్షన్ పడ్డాను. కారణం ఒక్క లైను: 'డిఫాల్ట్ యాప్ డిర్స్' అనే ట్యాగ్ పెట్టలేదు. ఆ ట్యాగ్ లేకపోతే డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లు ఎక్కడ వెతకాలో మెనూకు తెలియదు, ఏ అరలోనూ ఏమీ చేరదు, ఖాళీ అరలను డెస్క్‌టాప్ చూపించదు. డైరెక్టరీ ఫైళ్ల కోసం 'డిఫాల్ట్ డైరెక్టరీ డిర్స్' కూడా అట్లాగే కావాలి. రెండూ పెట్టాను, మెనూ నిండింది.

తర్వాత కాలిక్యులేటర్ రెండు అరల్లో వచ్చింది. లెక్కల్లో పేరుతో పిలిచాను, మిగతావిలోకి యుటిలిటీ కేటగిరీతో వస్తోంది, అందుకని అక్కడ 'ఎక్స్‌క్లూడ్' (వద్దని తీసేసే ట్యాగ్) పెట్టాను. అయినా పోలేదు. ఎక్స్‌క్లూడ్‌ను ఇన్‌క్లూడ్ (కలిపే ట్యాగ్) కంటే ముందు రాయడమే తప్పు. ఇవి పై నుంచి కిందికి వరుసగా అమలవుతాయి, ముందు తీసేసి తర్వాత కలిపితే మళ్లీ వచ్చేస్తుంది. వరుస మార్చగానే సరిపోయింది. ఆ తర్వాత ఇంకా మంచి దారి దొరికింది: 'మిగతావి' అరకు 'ఓన్లీ అన్‌అలొకేటెడ్' అని ఒక్క ట్యాగ్ పెడితే వేరే ఏ అరలోకీ పోనివి మాత్రమే అందులోకి వస్తాయి. ఎక్స్‌క్లూడ్‌లు అన్నీ తీసేశాను.

సాయంత్రం పిల్లలు వెళ్లేటప్పుడు ఇంకోటి తేలింది. కొత్త మెనూలో లాగవుట్ లేదు! ఎక్స్ఎఫ్‌సీఈలో లాగవుట్ కూడా ఒక డాట్ డెస్క్‌టాప్ ఫైలే, వాళ్ల అసలు మెనూ ఫైలు దాన్ని ప్రత్యేకంగా కింద పెడుతుంది, నేను మొత్తం మార్చేశాను కాబట్టి పోయింది. ఒక చిన్నోడు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాడు. వాడి తప్పేం లేదు. జాబితాలో 'ఆపడం' అని చివరి అర కలిపి, ఎక్స్ఎఫ్‌సీఈ లాగవుట్ ఫైలు పేరు, ఎల్ఎక్స్‌క్యూటీ షట్‌డౌన్ ఫైలు పేరు రెండూ రాశాను. మిషన్‌లో లేని ఫైలు పేరు రాస్తే మెనూ దాన్ని పట్టించుకోదు, తప్పు చూపించదు. ఈ గుణం నాకు చాలా పనికొచ్చింది, ఏడు మిషన్లకూ ఒకే జాబితా నడిచేది దీనివల్లే. ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. డెబియన్ ప్యాకేజీలో దాని ఫైలు పేరు 'ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్', ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే ప్యాకేజీ పద్ధతిలో 'ఓఆర్‌జీ డాట్ మొజిల్లా డాట్ ఫైర్‌ఫాక్స్', రెండూ రాసేస్తే ఏది ఉంటే అది వస్తుంది.

రేపు పీర్ల పండుగ, గది తెరవం.

జులై 12, శనివారం

రాసుకునే ప్రోగ్రాము సంగతి. ఎక్స్ఎఫ్‌సీఈలో మౌస్‌ప్యాడ్, ఎల్ఎక్స్‌క్యూటీలో ఫెదర్‌ప్యాడ్, ప్లాస్మాలో కేట్. అరలు ఒకటైనా లోపల పేర్లు వేరైతే పిల్లలకు మళ్లీ అదే ఇబ్బంది. మౌస్‌ప్యాడ్ చాలా తేలిక, అన్నిటి మీదా వేశాను. మిగతావాటిని మెనూలో కనిపించకుండా చేయాలి కానీ తీసేయకూడదు.

ఇక్కడ ఒక తప్పు చేశాను, ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను. డాట్ డెస్క్‌టాప్ ఫైలులో 'హిడెన్' అని ఒక కీ (సెట్టింగు పేరు) ఉంది, 'నోడిస్‌ప్లే' అని ఇంకోటి ఉంది. పేరు చూసి హిడెన్ వాడాను. ఆ తర్వాత ప్లాస్మాలో పైథాన్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే కేట్‌తో తెరవడం ఆగిపోయింది. హిడెన్ అంటే దాచడం కాదు, ఆ ఫైలు అసలు లేనట్టే లెక్క. దాని పేరు డిలీటెడ్ అని ఉండాల్సిందని ఆ నిబంధనల పత్రంలోనే రాసి ఉంది. ప్రోగ్రాము ఉండాలి, ఫైళ్లు తెరవాలి, మెనూలో మాత్రం కనిపించకూడదు అంటే నోడిస్‌ప్లే. చివరికి ఆ కీ కూడా వాడలేదు. ప్రోగ్రాముల సొంత ఫైళ్లు ముట్టుకోను అని రాసుకున్నాను కదా, మన మెనూ ఫైలులోనే కేట్, ఫెదర్‌ప్యాడ్ ఏ అరలోకీ రాకుండా ఎక్స్‌క్లూడ్ చేశాను.

పుస్తకాల అర కోసం మాత్రం సొంతంగా డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లు రాయాల్సి వచ్చింది, తరగతికి ఒకటి. ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉన్న ఫోల్డర్‌ను తెరవడమే వాటి పని. కేటగిరీల మధ్య సెమీకోలన్ పెట్టాల్సిన చోట కామా పెట్టాను, అవి మిగతావిలోకి పోయి పడ్డాయి. డెస్క్‌టాప్-ఫైల్-వ్యాలిడేట్ అనే చిన్న సాధనం ఉంది, దానికి చూపిస్తే వెంటనే చెప్పింది. ఇప్పుడు మన స్క్రిప్ట్ ప్రతిసారీ ముందు దాన్నే నడుపుతుంది.

జులై 13, ఆదివారం

మేడం ల్యాప్‌టాప్. గ్నోమ్ ప్రధాన తెరలో డాట్ మెనూ ఫైలును చదవనే చదవదు, ఇది నాకు ముందే తెలుసు కాబట్టి చివరికి ఉంచాను. అందులో అన్నీ ఒకే గ్రిడ్‌లో ఉంటాయి, ఫోల్డర్లు కావాలంటే అవి డీకాన్ఫ్ అనే గ్నోమ్ సెట్టింగుల నిల్వలో ఉంటాయి, ఆర్గ్ గ్నోమ్ డెస్క్‌టాప్ యాప్-ఫోల్డర్స్ అనే చోట. ముందు ఫోల్డర్ల జాబితా ఒకటి, తర్వాత ఒక్కో ఫోల్డర్‌కు పేరు, అందులోని ప్రోగ్రాముల జాబితా, కావాలంటే కేటగిరీలు. చూడగానే సంతోషమేసింది. ప్రోగ్రాములను పిలిచేది అవే డాట్ డెస్క్‌టాప్ ఫైళ్ల పేర్లతో. అంటే మన జాబితా అట్లాగే పనికొస్తుంది, స్క్రిప్ట్‌లో రాసే తీరు ఒక్కటి మారుతుంది.

మేడంను అడిగితే, "పెట్టు తమ్మీ, గానీ నేను చేసుకున్న ఫోల్డర్లు పోవద్దు" అన్నారు. అందుకే ఉన్న ఫోల్డర్ల జాబితాను ముందు చదివి, దాని చివర మనవి కలిపేలా రాశాను, పాత సెట్టింగులను ఒక ఫైలులోకి తీసి ఆమెకే ఇచ్చాను. ఫోల్డర్లో ఇంకో ఫోల్డర్ పెట్టడం గ్నోమ్‌లో కుదరదు, మన అరలు ఒక్క మెట్టువే కాబట్టి ఇబ్బంది రాలేదు. 'మిగతావి' మాత్రం పెట్టలేదు, ఏ ఫోల్డర్లోనూ లేనివి గ్రిడ్‌లో బయటే ఉంటాయి.

జులై 26, శనివారం

రెండు వారాలు వానలు, కరెంటు ఒక పూట ఉంటే ఒక పూట లేదు. పని కొంచెం కొంచెంగా సాగింది.

భాష గురించి. డైరెక్టరీ ఫైలులో పేరు రెండు సార్లు రాయొచ్చు, మామూలు పేరు ఒకటి, చదరపు బ్రాకెట్లో భాష కోడ్ పెట్టి తెలుగు పేరు ఇంకోటి. అది సరైన పద్ధతి. కానీ మన మిషన్ల లాంగ్వేజ్ ఇండియా ఇంగ్లిష్‌లో ఉంది, ఎందుకంటే చాలా ప్రోగ్రాముల తెలుగు అనువాదం సగంలో ఉంది, ఒకే కిటికీలో నాలుగు మాటలు తెలుగులో నాలుగు ఇంగ్లిష్‌లో వస్తే పిల్లలు తికమకపడుతున్నారు. ఆ లాంగ్వేజ్ మీద తెలుగు పేరు కనిపించదు. అందుకే మామూలు పేరు దగ్గరే నేరుగా తెలుగులో రాశాను. ఫైలు అన్ని లిపులూ రాయగలిగే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటే చాలు, ఏ డెస్క్‌టాప్ కూడా అభ్యంతరం పెట్టలేదు.

ఎల్ఎక్స్‌క్యూటీలో అక్షరాల కింద ఒత్తులు తెగిపోయాయి. 'లెక్కలు' చదవడానికి వస్తోంది, 'పాఠ్యపుస్తకాలు' అని రాసిన చోట ఠ కింద 'య' ఒత్తు సగమే ఉంది. తెలుగు కిందికి దిగే లిపి, ఇంగ్లిష్ కొలతకు చేసిన వరుస ఎత్తు దానికి చాలదు. మెనూ ఐకాన్ సైజు పెంచితే దానితో పాటు వరుస ఎత్తు పెరిగి ఒత్తులన్నీ బయటికొచ్చాయి. పెద్ద ఐకాన్లు చిన్న పిల్లలకు ఎట్లాగూ కావాలి, రెండో తరగతి వాళ్లు బొమ్మను చూసే వెళ్తారు.

ఆ బొమ్మల దగ్గర ఒక విషయం. ఐకాన్ల పేర్లకు కూడా ఉమ్మడి జాబితా ఉంది, 'అప్లికేషన్స్-గేమ్స్', 'అప్లికేషన్స్-సైన్స్', 'అప్లికేషన్స్-గ్రాఫిక్స్' అందులోవే. 'అప్లికేషన్స్-ఎడ్యుకేషన్' మాత్రం ఆ జాబితాలో లేదు, చాలా థీమ్‌లు ఇస్తాయి కానీ ఇవ్వాలనే నియమం లేదు. నేను వాడిన ఒక థీమ్‌లో లేక ఆ అర ముందు ఖాళీ చదరం వచ్చింది. ఇప్పుడు ఉమ్మడి జాబితాలో ఉన్న పేర్లే వాడుతున్నాను, లెక్కలకు కాలిక్యులేటర్ బొమ్మ పెట్టాను.

ఎక్స్ఎఫ్‌సీఈ గురించి మర్చిపోయే ముందు ఒకటి. ప్యానెల్‌లోని మెనూ ప్రాపర్టీస్‌లో సొంత మెనూ ఫైలు ఎంచుకునే అవకాశం ఉంది, ఎల్ఎక్స్‌క్యూటీలో కూడా ఉంది. అక్కడ మార్చి ఊరుకుంటే ప్యానెల్ మెనూ ఒక్కటే మారుతుంది, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. ఫైలును సరైన పేరుతో సరైన ఫోల్డర్‌లో పెడితే రెండూ మారతాయి.

ఆగస్టు 9, శనివారం

రాఖీ పండుగ, అక్క వచ్చింది. బిడ్డ గదికి తీసుకుపోయి తల్లికి ఒక్కో మిషన్ ముందు కూర్చుని "చూడమ్మా, యాడ కూసున్నా లెక్కలు మూడో లైన్లనే" అని చూపించింది. నాకు ఆ మాట చాలు.

రాత్రి డెబియన్ 13 విడుదలైంది అని చూశాను. వచ్చే వారం పెద్ద మిషన్ మీద పెట్టి చూస్తాను, మిగతావి అది నిలబడ్డాకే.

ఆగస్టు 17, ఆదివారం

నిన్న రాత్రంతా డౌన్‌లోడ్ అయ్యింది, ఇవాళ పొద్దున ప్లాస్మా 5.27 పోయి ప్లాస్మా 6.3 వచ్చింది. అంతా చక్కగా లేచింది. మెనూ తెరిస్తే మన అరలు లేవు. మళ్లీ ఎడ్యుకేషన్, గేమ్స్, గ్రాఫిక్స్, అన్నీ ఇంగ్లిష్‌లో.

ఫైళ్లు చూశాను, ఉన్నాయి, పాడవలేదు. స్క్రిప్ట్ మళ్లీ నడిపాను, మారలేదు. ప్లాస్మా మెనూ సమాచారాన్ని ముందే కూర్చి ఒక కాష్‌లో పెట్టుకుంటుంది, దాన్ని తిరిగి కట్టమని చెప్పే కమాండు ఇదివరకు కేబిల్డ్‌సైకోకా5, ఇప్పుడు 6. అది నడిపినా మారలేదు. అప్పుడు మొదటి వారం రాసుకున్న పేజీ తిరగేశాను. మెనూ ప్రిఫిక్స్ వేరియబుల్ ఎంత ఉందో టెర్మినల్‌లో అడిగితే 'ప్లాస్మా-' అని వచ్చింది. ప్లాస్మా 6 ఇప్పుడు 'ప్లాస్మా-అప్లికేషన్స్ డాట్ మెనూ' అనే పేరును వెతుకుతోంది, నేను పెట్టింది పాత పేరుతో ఉంది. చదివేవాళ్లు లేని ఫైలు అక్కడ అట్లాగే పడి ఉంది, ఏ తప్పూ చూపించకుండా.

స్క్రిప్ట్‌లో ఫైలు పేర్ల వరుసలో ఒక పేరు కలిపాను, కాష్ కమాండు ఏది ఉంటే అది నడిపేలా మార్చాను. మెనూ వచ్చేసింది. దానితో పాటు ఒక తనిఖీ కూడా రాశాను. స్క్రిప్ట్ చివర రెండు చిన్న జాబితాలు చూపిస్తుంది: మనం పేరు పెట్టి పిలిచినా ఈ మిషన్‌లో దొరకని ప్రోగ్రాములు, ఏ అరలోనూ పట్టక మిగతావిలోకి పోయినవి. అప్‌గ్రేడ్‌లో ఏదైనా ప్రోగ్రాము తన ఫైలు పేరు మార్చుకుంటే ఈ రెండు జాబితాల్లోనే బయటపడుతుంది, పిల్లలు వచ్చి చెప్పేదాకా ఆగాల్సిన పని లేదు.

ఆగస్టు 24, ఆదివారం

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు కేటర్టిల్ అనే కోడ్ నేర్పే ప్రోగ్రాము కావాలని అడిగింది, బడిలో ఎవరో చూపించారట. జాబితాలో లెక్కల కింద పెట్టాలా, ఆటల కింద పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే, "కోడ్ రాసేవి ఇంకా వస్తయి గదన్నా, దానికే ఒక అర పెట్టు" అంది. పెట్టాను, పేరు 'కోడింగ్', అందులో కేటర్టిల్, పైథాన్ రాసుకునే థానీ. ప్రోగ్రాములు రెండూ రాత్రే అన్నిటి మీదా వేశాను, పొద్దున జాబితాలో మూడు లైన్లు కలిపి పెన్‌డ్రైవ్ తీసుకుని ఒక్కో మిషన్ దగ్గరికీ పోయాను. మేడం ల్యాప్‌టాప్‌తో కలిపి పదిహేను నిమిషాలు పట్టింది. 2 జీబీ మిషన్లలో ఒకదాని మీద 'థానీ దొరకలేదు' అని తనిఖీ చెప్పింది. నిన్న కరెంటు పోయినప్పుడు దాని ఇన్‌స్టాల్ మధ్యలో ఆగింది, మళ్లీ వేశాను.

ఎక్స్ఎఫ్‌సీఈ మిషన్లు మూడింటినీ దసరా సెలవుల్లో డెబియన్ 13కు మారుస్తాను. అప్పటిదాకా జాబితా ఒక ప్రతి మేడం దగ్గర కూడా ఉంటుంది, ఏ అరలో ఏది ఉండాలో ఆమె కూడా మార్చగలరు, అది సాదా తెలుగులో రాసిన టెక్స్ట్ ఫైలే.